మేకుకు వేలాడే గార్డన్నకు ఒక ఉత్తరం

శనార్థులు గార్డన్నా,

ముందే చెప్తున్నా, ఈ ఉత్తరం గేటు దగ్గర స్టూలు మీద కునికిపాట్లు పడే వాచ్‌మన్ కాకకు కాదు. ఆయనకు జీతం ఉంది, విజిల్ ఉంది, కనీసం కూర్చోడానికి ఆ స్టూలు ఉంది. ఇది నీకు. ఇనుము కోసే నాలుగంగుళాల చేతి గ్రైండర్‌కు, దాని డిస్క్‌కు అడ్డంగా కంపెనీవాడు బిగించి పంపితే, డబ్బా విప్పిన పదో నిమిషంలో మేం ఊడదీసి గోడ మేకుకు తగిలించిన అర్ధచంద్రం లాంటి ఇనుప రేకువు నువ్వు. మొత్తం ముగ్గురు వచ్చారు మీరు, మూడు గ్రైండర్లతో పాటు. ఒకడు తుక్కులో కలిసిపోయాడు. ఇంకొకడు చాలాకాలం బీడీ పీకలు రాల్చుకునే గిన్నెగా బతికి, ఎటుపోయాడో పోయాడు. నువ్వొక్కడివి ఎనిమిదేండ్ల నుంచి అదే మేకు మీద ఉన్నావు. నీ మీద పగలంతా నా అంగీ వేలాడుతుంది. దసరాకు మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టినప్పుడు నీకూ ఒక బొట్టు పడింది గానీ, అది భక్తితో కాదు, వేలికి మిగిలిన కుంకుమ ఎక్కడ తుడవాలో తెలియక.

మన షెడ్డు సంగతి నీకు తెలిసిందే అయినా చదివేవాళ్ల కోసం చెప్తున్నా. వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక మామూలు ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రైసు మిల్లులకు ఎలివేటర్లు, పత్తి జిన్నింగ్ మిల్లులకు కన్వేయర్లు, ట్రాక్టర్ ట్రాలీలు, షట్టర్లు, ఏది దొరికితే అది. నేను అందులో సూపర్‌వైజర్‌ని. అంటే పని ఎక్కువున్న రోజు ఫిట్టర్‌ని, మనుషులు రాని రోజు వెల్డర్‌ని, తప్పు జరిగిన రోజు మాత్రం పక్కా సూపర్‌వైజర్‌ని.

నీ విలువ తెలియక తీసేశామని అనుకోకు. ఒకసారి చాయ్ తాగే టైంలో ఇనుప ప్లేటు మీద చాక్‌పీసుతో లెక్క కూడా వేశాను. మన గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల డిస్క్ ఒక్క చుట్టు తిరిగితే అంచు 314 మిల్లీమీటర్లు పోతుంది. అంటే సెకనుకు 57 మీటర్ల పైన, గంటకు దగ్గర దగ్గర 207 కిలోమీటర్లు. మన వరంగల్ స్టేషన్‌లో ఆగే వందే భారత్ కూడా అంత వేగం పోదు. ఆ రైలుకు పట్టాలున్నాయి, సిగ్నళ్లున్నాయి, ముందు కూర్చుని చూసుకునే లోకో పైలట్ ఉన్నాడు. ఈ డిస్క్‌కు, దాన్ని పట్టుకున్నవాడి మొహానికి మధ్య ఉన్నది నువ్వొక్కడివే. లెక్క వేశాను, అందరికీ చూపించాను, అందరూ అబ్బో అన్నారు, చాయ్ అయిపోయింది, ఆ ప్లేటునే గ్రైండర్‌తో కోసి ట్రాలీకి వేశాం.

మరి ఎందుకు తీసేశారు అంటే, గార్డు ఉంటే మూలల్లోకి చెయ్యి పోదు అని ఫిట్టర్లు అంటారు. అందులో కొంత నిజం ఉంది. అసలు నిజం ఏంటంటే ఏడంగుళాల డిస్క్. పెద్ద గ్రైండర్ మీద అది అరిగి అరిగి ఐదంగుళాలకు వచ్చాక పారేయడానికి మా సేటుకు చేతులు రావు. దాన్ని చిన్న గ్రైండర్‌కు ఎక్కించమంటాడు. ఆ డిస్క్ మీద నిమిషానికి 8,500 చుట్లకు మించి తిప్పొద్దని అంకె ముద్రించే ఉంటుంది, కానీ అరిగిన డిస్క్ మీద అంకె కూడా అరిగిపోయి ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. దానికి రెండే అడ్డంకులు. ఒకటి దాని నడిమి బెజ్జం, చిన్న గ్రైండర్‌కు అది వదులు. రెండోది నువ్వు, ఐదంగుళాలది నీ కింద పట్టదు. బెజ్జానికి పైపు ముక్క కోసి బుష్ పెట్టాం. నీకు మేకు పెట్టాం. ఇంత చేస్తే మిగిలేది ఒక చిన్న డిస్క్ ఖరీదు, అంటే రెండు మూడు చాయ్‌ల పైసలు.

సరే, ఇన్‌స్పెక్షన్ సంగతికి వద్దాం, నీకు పండగ రోజు గదా అది.

సార్ వస్తున్న సంగతి మాకు ఉత్తరంలో రాదు, చాయ్ బండి పిల్లగాడు చెప్తాడు. ఎదురు షెడ్డులో ఫైళ్లు దులుపుతున్నారంటే రేపో ఎల్లుండో మన వంతు. ఇక ఆ సాయంత్రం నుంచి మా సేటుకు మా మీద పుట్టే ప్రేమ చూడాలి. ఇసుక బకెట్లలోంచి గుట్కా కవర్లు ఏరించాడు. ఫైర్ సిలిండర్ మీటరులో సూది ఎర్ర గీతలోకి దిగిపోయి ఉంటే, దాన్ని నింపించడానికి టైం లేదని మీటరును గోడవైపు తిప్పి నిలబెట్టించాడు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే రెండు నట్లు, సేటు బీపీ గోలీలు ఉన్నాయి, దూది పెట్టి వాటిని కప్పాం. ఏండ్ల తరబడి గోడకు ఒరిగి, కాలు తగిలితే పడేలా ఉన్న ఆక్సిజన్ సిలిండర్‌కు గొలుసు కట్టించాడు, అది ఆయన ఇంటి కుక్కది, రెండు రోజులు దాన్ని తాడుతో కట్టేశారట. అన్నిటికన్నా అందరికీ గ్లౌజులు పంచాడు చూడు, లేత్ మీద పనిచేసే అన్నకు కూడా. అన్నా, ఇనుప ముక్కను పట్టి తిప్పే చక్ దగ్గర గ్లౌజు వేసుకోకూడదు, అది పట్టుకుంటే గ్లౌజుతో పాటు చెయ్యిని కూడా లోపలికి గుంజుతుంది, లేత్ నేర్చుకున్న మొదటి వారంలోనే చెప్తారు ఇది. ఆయన అదే అన్నాడు. “గీ గ్లౌజులు ఏసుకుంటే నా చేతి ఏళ్లు పోతయి సేటూ.” సేటు ఏమన్నాడు? “సార్ పోయేదాక మిషన్ బంద్ పెట్టు, గ్లౌజులు మాత్రం తీయకు.”

నిన్ను కూడా మేకు మీంచి దించారు. పాత బనీనుతో తుడిచారు. నీ క్లాంప్ స్క్రూ ఎక్కడా దొరక్కపోతే బైండింగ్ వైరుతో కట్టారు. ఎవరికి కట్టారో గుర్తుందా? ఆర్మేచర్ కాలిపోయి మూలన పడ్డ గ్రైండర్‌కు. నడిచేదానికి కడితే సార్ వచ్చేదాకా పని ఆగిపోతుందట. అలా నిన్నూ, ఆ చచ్చిన గ్రైండర్‌నూ ఒక బల్ల మీద, ఆఫీసు కిటికీలోంచి కనపడేలా పక్కపక్కన పెట్టారు, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు.

నడక దారికి అటూఇటూ పసుపు గీతలు కూడా వేయించాడు. వేసింది పొద్దున ఎనిమిదికి, సార్ వచ్చింది తొమ్మిదిన్నరకు, పెయింట్ ఆరలేదు. గేటు దాటుతూనే ఆయన బూటు గీత మీద పడింది. ఎవరూ చెప్పలేదు, చెప్తే కొత్తగా వేశారని తెలిసిపోతుంది గదా. ఆయన పోయాక నేల చూస్తే పసుపు అడుగులు. గేటు నుంచి ఆఫీసు గదిలోకి పోయినవి, ఆఫీసు గదిలోంచి గేటుకు వచ్చినవి, పెయింట్ అరిగి వచ్చేటప్పటివి కొంచెం పలచగా. గ్రైండింగ్ చేసే వైపు ఒక్క అడుగు లేదు, ప్రెస్ వైపు లేదు, కంప్రెసర్ బెల్టు బట్టల్ని లాగే మూల వైపు అసలే లేదు. రిపోర్టు ఏం రాసుకుపోయాడో మాకు తెలియదు గానీ నేల మీద రాసిపోయింది మాత్రం ఇప్పటికీ చదవొచ్చు.

ఆయన మీద నాకేం కోపం లేదు. పెద్దమనిషే, ఆ రోజే ఇంకో నాలుగు చోట్లకు పోవాలన్నాడు. సేటు ఇంటినుంచి వచ్చిన సర్వపిండి తిన్నాడు, రిజిస్టర్లు తిప్పాడు, కిటికీలోంచి చూసి ఒక్క ప్రశ్న వేశాడు. “గ్రైండర్‌కు గార్డు ఉందా?”

“ఉంది సార్” అన్నాను నేనే. అబద్ధం కూడా కాదు. గ్రైండర్‌కు గార్డు ఉంది, ఆ గ్రైండర్‌కు కరెంటు పెడితే తిరగదు, అంతే. తిరిగే గ్రైండర్‌కు ఉందా అని ఆయన అడగలేదు. చిత్రం ఏంటంటే అప్పటి చట్టం సరిగ్గా అదే అడిగేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ గార్డు ఉంటే చాలని ఆపేయలేదు, మిషన్ కదులుతున్నంతసేపూ అది దాని చోట్లోనే ఉండాలంది. మనకు ఉల్టా. మిషన్ ఆగినప్పుడు నువ్వు దాని మీద, కదిలినప్పుడు మేకు మీద.

మూడు వారాలకు ఏమైందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు, నువ్వు ఎదురుగానే ఉన్నావు. పత్తి సీజను, ఒక జిన్నింగ్ మిల్లువాళ్లు కన్వేయర్ కోసం పొద్దున నుంచి పది ఫోన్లు. గ్రైండర్ పట్టే పిల్లగాడు రాలేదు, నేనే పట్టాను. అదే అరిగిన డిస్క్, అదే పైపు ముక్క బుష్. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకున్నాను, నెత్తికి చూపు బాగుండాలని కావచ్చు. ఫట్‌మని ఒక చప్పుడు, చెంప మీద ఎవరో వేడి గరిటతో కొట్టినట్టు. తర్వాత టంగుమని ఇంకో చప్పుడు. మొదటి ముక్క నా ఎడమ చెంప కోసుకుపోయింది, ఐదు కుట్లు, కంటికి రెండు వేళ్ల దూరం. రెండో ముక్క ఎగిరిపోయి నీకు తగిలింది. ఆ సొట్ట ఇంకా ఉంది నీ మీద. అంటే ఆ రోజు కూడా నువ్వు నీ డ్యూటీ చేశావన్నా, గోడకు ఏమీ కాకుండా కాపాడావు.

దవాఖానలో ఎట్లా తగిలిందని అడిగితే నాకన్నా ముందు సేటు చెప్పాడు. “బండి మీంచి పడ్డడు సార్.” నేను తలూపాను, కుట్లు వేస్తుంటే అది కూడా సరిగ్గా ఊపలేకపోయాను. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ తెల్లగా ఉంది. గేటు లోపల ప్రమాదం లేని రోజులు అని ఒక బోర్డు ఉంది చూడు, ఆ రోజు దాని మీద అంకె 412. తెల్లారి 413 చేశారు. చేసింది ఎవరో కాదు, నేనే, చెంపకు పట్టీతో.

ఇప్పుడు నీ కొలువుకు కొత్త గండం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల చోట కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇంతకుముందు కరెంటుతో పని నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మస్టర్‌లో మేం 17. సేటు ఫోన్‌లో అది చదివిన రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు, “ఇగ మనది ఫ్యాక్టరే కాదురా” అని. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు ఫ్యాక్టరీ, మధ్యాహ్నం బజ్జీలప్పుడు కాదు, మిషన్లు మాత్రం అవే, 11,000 చుట్లూ అవే. లెక్కలు రాసే అకౌంటెంట్ అన్న మెల్లగా చెప్పాడు, ఫ్యాక్టరీ కాకపోయినా 10 మంది పనిచేసే చోటు వాటిలోని భద్రత కోడ్ కిందికి వస్తుందని, భద్రత బాధ్యత యజమానిదేనని. ఆయనకు రెండో బజ్జీ రాలేదు. ఇన్‌స్పెక్టర్ పేరు కూడా మారిందట, ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్, తనిఖీ చేస్తూనే సలహా కూడా ఇస్తాడన్నమాట. నాకు మాత్రం ఏడాదికి ఒక్కపూట నువ్వు కిందికి దిగే ఆ భాగ్యం కూడా పోతుందేమో అని టెన్షన్. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయినప్పుడు సేటు కూడా టీవీ ముందు కూర్చుని అయ్యో అన్నాడు. ఆ వారమంతా మా సిలిండర్లకు గొలుసు ఉంది. వారం దాటాక కుక్కకు పోయింది.

మార్చి 4 కూడా అయిపోయింది, జాతీయ భద్రతా దినం. హన్మకొండ నుంచి ఫ్లెక్సీ తెచ్చి కట్టారు, కొత్త హెల్మెట్ ఒకటి తెచ్చి పదిహేడు మందిమి వంతులవారీగా పెట్టుకుని ఫొటో దిగాం. ప్రతిజ్ఞ చదివింది నేను. ఫొటోలో నీ మేకు కూడా పడింది, కాకపోతే నీ మీద నా అంగీ ఉంది.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, పోయిన సోమవారం ములుగు దిక్కు నుంచి ఒక కొత్త పిల్లగాడు వచ్చాడు, ఐటీఐ ఫిట్టర్ పాసైనోడు. గ్రైండర్ చేతికిస్తే తిప్పి చూసి, “అన్నా, దీని గార్డు ఏది?” అన్నాడు. ఎనిమిదేండ్లలో తిరిగే గ్రైండర్‌కు గార్డు ఏదని అడిగిన మొదటి మనిషి, అదీ సేటు దగ్గర జీతం తీసుకునేవాడు. నేను నోరు తెరవకుండా మేకు వైపు చూపించాను. వాడు నా అంగీ తీసి పక్కన పెట్టి, నిన్ను దించి, సొట్ట మీద వేలు పెట్టి చూశాడు, తర్వాత నా చెంప చూశాడు, ఏమీ అనలేదు. “దీని స్క్రూ ఏది అన్నా?” అన్నాడు. వైరుతో కడదాం రా అంటే ఒప్పుకోవట్లేదు, తిరిగేటప్పుడు ఊడితే అదింకో ముక్క అంటున్నాడు. స్క్రూ దొరికేదాకా గ్రైండర్ పట్టనని ఆకురాయితో రాకుతూ కూర్చున్నాడు. సేటు వాణ్ని చూసి చేతకానోడు అని నాతో రెండుసార్లు అన్నాడు. నేను మూడు రోజుల నుంచి డబ్బాలన్నీ బోర్లించి వెతుకుతున్నా. నిన్ను ఊడదీసిన రోజు ఆ స్క్రూ ఎక్కడ పడేశానో నాకు గుర్తు లేదు. నువ్వు నా చేతిలోనే ఉన్నావు గదా అప్పుడు, నీకేమన్నా గుర్తుంటే చెప్పు.

ఇట్లు,
నిన్ను మొదటిసారి ఊడదీసినవాడు

తా.క.: నువ్వు దిగాక మేకు ఖాళీగా ఉందని సేటు గమనించాడు. మార్చి 4 ఫొటోకు వాడిన హెల్మెట్‌ను అక్కడ తగిలించమన్నాడు.