కబడ్డి కాళ్లు, బాక్సింగ్ చేతులు

(హన్మకొండ. పొద్దుగాల ఆరు. మల్లేశం, 38 ఏండ్లు, నిరుటి దాక కబడ్డి రైడర్, ఇప్పుడు బాక్సింగ్ నేర్సుకుంటున్నడు. సుజాత, ఆయన పెండ్లాం, బడిల పీఈటీ. స్టవ్ మీద గిన్నె మసులుతున్నది.)

సుజాత: చాయ్ గిన్నెల గా నీలంది ఏందయ్యా?

మల్లేశం: మౌత్‌గార్డ్, గుద్దులకు పండ్లు రాలకుండ నోట్ల పెట్టుకునేది. మెత్తగయినంక కొరికితె పండ్ల అచ్చు పడ్తది.

సుజాత: ఏసి ఎంతసేపాయె?

మల్లేశం: పది నిమిషాలు.

సుజాత: కందిపప్పు అనుకున్నవా? మసిలిన నీళ్లు దించి, అరనిమిషం ముంచి తియ్యాలె. ఇగ చూడు, బజ్జి లెక్క ముడుచుకపోయింది.

మల్లేశం: ఇంకోటి కొంట తియ్యి. క్రికెట్ ఫ్లింటాఫ్ 2012ల మాంచెస్టర్ల బాక్సింగ్‌కు దిగి గెలువలేదా?

సుజాత: గెలిచిండు, 39–38 పాయింట్లతోని. రెండో రౌండ్ల కింద పడ్డది చెప్పవేంది? ఫుట్‌బాల్ ఫెర్డినాండ్‌కైతె 2018ల బాక్సింగ్ లైసెన్సే ఇయ్యలె.

మల్లేశం: మన నిజామాబాద్ నిఖత్ జరీన్...

సుజాత: ఆమె చిన్నప్పటి సంది గుద్దుతున్నది, 2022ల, 2023ల ప్రపంచ చాంపియన్ అయింది. నీకు నిన్న మణికట్టు వాచింది.

మల్లేశం: అది గుద్దుడు బ్యాగు తప్పు. ఇసుక పోసిన, నాలుగు దినాలకు అడుగుకు దిగి బండయింది.

సుజాత: దిగదా మరి! గుడ్డపీలికలు కుక్కాలె.

మల్లేశం: కుక్కిన. రాత్రే.

సుజాత: ఏ గుడ్డలు?

మల్లేశం: ...బీరువాల కింది అరల ఉన్నయి.

సుజాత: అవి మా అమ్మ పెట్టిన గద్వాల చీరలయ్యా!

మల్లేశం: చింపలే. మడతవెట్టి కుక్కిన.

సుజాత: పెద్ద ఉపకారం! ఏదీ, గ్లౌజుల లోపటి చేతిపట్టీ ఎట్ల చుట్టినవ్? మొత్తం అరచేతికేనా? 180 అంగుళాలు ఊకనే ఇచ్చిండ్రా? బొటనవేలికి లూప్ వెయ్యి, మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలి గుబ్బల మీద మూడు, వేళ్ల సందులకెంచి ఒక్కోటి, మిగిలిందంత మళ్ల మణికట్టుకే. వేళ్లు సాపి చుట్టు.

మల్లేశం: నీ చీరంత ఉన్నది.

సుజాత: చీర మాట ఎత్తకు. గ్లౌజులు ఎన్ని ఔన్సులయి?

మల్లేశం: పది. పోటీల గవే గదా, నా బరువుకు.

సుజాత: పోటీల. మనిషితోని ప్రాక్టీసుకు పదహారు తొడుగు. ఎదుటోని మొకం గూడ మొకమే. ఇగ నిలబడు.

(మల్లేశం వంగి, చేతులు సాపి నిలబడ్తడు.)

సుజాత: ఎవన్ని పట్టుకొస్తవట్ల? నడుము కిందికి వంగితె ఫౌలు, పట్టుకుంటె ఫౌలు. చేతులు చెంపల కాడ, గదుమ కిందికి. ఎడమ కాలు ముందట వెట్టు, కాళ్లు కత్తెర వెయ్యకు, తోస్తె పడ్తవ్. ఇగో దిండు పట్టుకుంటున్న. మూడు నిమిషాలు. కొట్టు.

(దబ్, దబ్, దబ్. మొకం ఎర్రగయితది.)

సుజాత: ఊపిరి బిగవట్టకు! గుద్దు గుద్దుకు ముక్కుతోని 'హుఫ్' అని ఇడువాలె.

మల్లేశం: (లోలోపల) కబడ్డి కబడ్డి కబడ్డి...

సుజాత: అయ్యో, కూత వెట్టకు! రైడ్ అంటె ముప్పై సెకండ్లు, ఇది ఆరింతలు.

మల్లేశం: ఎంత... అయింది?

సుజాత: నలభై సెకండ్లు.

(దిండుతోని ఒక అడుగు ముందుకేస్తది. మల్లేశం గభాల్న వంగి ఆమె చీలమండ అందుకుంటడు.)

సుజాత: కాలు ఇడువు! ఇడువయ్యా, పాలు పొంగుతున్నయి!