అరకుని ‘ఆంధ్రా ఊటీ’ అనడం ఇక ఆపుదాం

డిసెంబర్ దగ్గర పడిందంటే నాకు ఒకటే ఫోన్లు. “అరకులో రూమ్ దొరుకుతుందా?” మాది విజయనగరం. ఊహ తెలిసినప్పటి నుంచి ఏడాదికి ఒకసారైనా ఆ కొండ ఎక్కుతున్నాను కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులు, బంధువులు అందరూ నన్నే అడుగుతారు. తెలిసింది చెప్పడం నాకు ఇష్టమే. కానీ రూములు అయిపోయాయనగానే అవతలి నుంచి వచ్చే మాట ఒకటి ఉంటుంది, దానితోనే నాకు పేచీ. “ఆ వన్ ఆఫ్ సెవెంటీ చట్టం తీసేసి పెద్ద హోటళ్ళు రానిస్తే అరకు ఎప్పుడో ఊటీ అయిపోయేది కదా!”

ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం అది. ఆ మాట అన్నవాళ్ళంతా మంచివాళ్ళే. చెడు కోరి అనడం లేదు. అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

ముందు ఊటీ సంగతి చూద్దాం. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ నీలగిరి కొండలెక్కాడు. అప్పటికే అక్కడ తోడాలు బర్రెలు మేపుకుంటున్నారు, బడగలు సేద్యం చేసుకుంటున్నారు. మైదానం ఎండలకు తట్టుకోలేని దొరలకు చల్లటి చోటు కావాలి. ఆయన అక్కడ భూమి సంపాదించి బంగళా కట్టాడు, చెరువు కట్టించాడు. ఇప్పుడు మనం బోటు షికారు చేసేది ఆ చెరువులోనే. పోను పోను అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. 1908కి కొండరైలు ఊటీ దాకా వచ్చేసింది. తోడాల బర్రెలు మేసిన పచ్చిక బయళ్ళు చాలా మటుకు పోయి తేయాకు తోటలు, యూకలిప్టస్ వచ్చాయి. ఆ ఆస్ట్రేలియా చెట్టుని మనం తెలుగులో ఏమంటాం? నీలగిరి చెట్టు. ఎక్కడి నుంచో తెచ్చి నాటిన చెట్టుకి కొండ పేరే స్థిరపడిపోయింది. తరాల తరబడి ఆ కొండ మీద బతికిన తోడాల పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? ఊటీ వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగి చూడండి.

ఊటీ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని బయటివాళ్ళు తమ విడిది కోసం కట్టుకున్నారు. అరకు అలా పుట్టలేదు. మన్యం జ్వరమంటే మైదానం వాళ్ళకు హడల్. దొరల పట్నం ఒకటి ఇక్కడ లేచి నిలబడలేదు. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, ఖోండు, గదబ కుటుంబాలు తమ గూడేల్లో తాము సాగు చేసుకుంటూ ఉండిపోయారు. వాళ్ళ భూమి వాళ్ళ చేతుల్లోనే మిగిలిందంటే అది ఊరికే జరగలేదు. 1882 అటవీ చట్టం వచ్చి పోడు మీద ఆంక్షలు పెట్టింది, అడవిలోకి వెళ్ళడమే నేరమన్నట్టు చేసింది. ఆ కోపం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులుగా బయటపడింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. లంబసింగికి మంచు చూడ్డానికి పరుగెత్తే మనకి, అక్కడి నుంచి చింతపల్లి ఎంతో దూరం లేదన్న సంగతి గుర్తుండదు. 2022 ఏప్రిల్ నుంచి అరకు ఉన్న జిల్లాకి ఆయన పేరే. పేరు పెట్టుకున్నాం, బాగానే ఉంది. ఆయన వెంట నడిచినవాళ్ళు పోరాడింది దేనికోసమో కూడా గుర్తు పెట్టుకోవాలి కదా.

ఇప్పుడు అందరూ తిట్టే చట్టం దగ్గరికి వస్తాను. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేస్తూ మొదటి రెగ్యులేషన్ తెచ్చారు. అదే 1/70, వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో భూమి చేతులు మారాలంటే గిరిజనులకే వెళ్ళాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా అమ్ముకోకూడదు. కాగితం మీద అంతే. కానీ ఆ నాలుగు ముక్కలు లేకపోతే, విశాఖ నుంచి 115 కిలోమీటర్ల దూరంలో ఇంత చల్లటి లోయ ఉంటే, ఈపాటికి ఏమయ్యేదో రియల్ ఎస్టేట్ తెలిసిన ఎవరినైనా అడగండి. 2025 ఫిబ్రవరిలో ఈ చట్టాన్ని సవరించాలన్న మాటలు లేచినప్పుడు ఏజెన్సీ అంతా బంద్ పాటించింది. ఆ రెండు రోజులు నా వాట్సాప్ గ్రూపుల్లో “టూరిస్టులు ఇబ్బంది పడుతున్నారు” అనే మాట తప్ప వాళ్ళు బంద్ ఎందుకు చేస్తున్నారో ఒక్కరూ అడగలేదు. అప్పటి నుంచే ఈ పోస్ట్ రాయాలని ఉంది.

అరకు వెళ్ళేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. కారు వద్దు, పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కండి. 2017 నుంచి అద్దాల కోచ్ కూడా ఉంది. టికెట్ దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, నాకైతే అదే ఇష్టం. బొడ్డవర దాటాక శివలింగపురం నుంచి బండి కొండ పట్టుకుంటుంది. ఇక సొరంగం తర్వాత సొరంగం, 50కి పైగానే ఉంటాయి. ప్రతి సొరంగంలో పిల్లలు కేకలు పెడతారు, ప్రతి సొరంగం దాటాక లోయ ఇంకొంచెం లోతుగా కనిపిస్తుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ తర్వాత శిమిలిగుడ. 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న స్టేషన్ చాలా కాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నింటికన్నా ఎత్తైనది.

అయితే ఈ లైను మనం లోయ చూడ్డానికి వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దింపి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేశారు. ఎదురుగా గూడ్సు బండి వస్తే మన బండి ఆగుతుంది. ఎర్రటి దుమ్ముతో నిండిన ఆ వ్యాగన్లు వరసగా కిందికి దిగిపోతుంటాయి. చిన్నప్పుడు అవి లెక్కపెట్టడం మాకు ఆట. పెద్దయ్యాక అవి చూస్తే, ఈ కొండల నుంచి కిందికి పోయేది ఎంత, తిరిగి పైకి వచ్చేది ఎంత అనే లెక్క మనసులో మొదలవుతుంది.

బొర్రాలో దిగండి. ఆ గుహల ముందు నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. వాన నీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి, చుక్క చుక్కగా కారి, పైనుంచి వేలాడే రాళ్ళని, కింద నుంచి లేచే రాళ్ళని కట్టింది. గోస్తనీ నది అక్కడే. గైడ్లు టార్చి వేసి శివపార్వతులు, తల్లీబిడ్డ, రుషి గడ్డం అని చూపిస్తారు. చూడండి, ముట్టుకోకండి. మన చేతి జిడ్డు అంటిన చోట రాయి పెరగడం ఆగిపోతుంది. కిందటిసారి నా ముందు నడిచిన ఒక ప్యాకేజీ టూరు బృందంలో పెద్దవాళ్ళే కీచైన్‌తో పేరు గీస్తుంటే, వద్దన్నందుకు నాతో గొడవ పెట్టుకున్నారు. వేల ఏళ్ళ నీటి పని మీద అర నిమిషంలో గీత పడింది.

ఇంకో మాట. బొర్రా గుహల గురించి ఎక్కడ చదివినా “1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనుగొన్నారు” అని ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అంత చిన్న లెక్క కూడా సరిచూసుకోకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటున్నారు. అసలు కనుగొనడం ఏమిటి? ఆవు గుహ పైనున్న బొక్కలోంచి లోపల పడిపోతే, కాపరి వెతుక్కుంటూ దిగి, లింగం లాంటి రాయి చూసి మొక్కాడని అక్కడి జనం కథ. వాళ్ళకి తెలిసిన గుహని వాళ్ళకి ఎవరో కనిపెట్టి ఇచ్చారనడం నాకు నచ్చదు.

ఆ బొర్రా పంచాయతీ గ్రామాల పేరు సుప్రీంకోర్టులో కూడా వినిపించింది. అనంతగిరి మండలంలోని ఆ ఊళ్ళలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులు ఇస్తే, సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని, 1/70 ప్రభుత్వానికీ వర్తిస్తుందని. దేశంలో ఎక్కడ ఆదివాసీ భూమి గొడవ వచ్చినా ‘సమత తీర్పు’ అని చెప్పుకుంటారు. మనం టికెట్ కొని, సెల్ఫీ దిగి వచ్చేసే ఆ ఊళ్ళ నుంచి పుట్టిన తీర్పు అది. గుహ బయట దాని గురించి ఒక బోర్డు పెడితే ఎంత బాగుండును!

కాఫీ గురించి చెప్పకపోతే అనంతగిరి వాళ్ళు నన్ను క్షమించరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ. పోడు వదిలి ఈ తోటలకు మారిన కుటుంబాలవి. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. పెద్ద ఎస్టేటు యజమానులు పండించిన కాఫీ కాదది, ఎకరం రెండెకరాల రైతులది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కొండల మీద సిల్వర్ ఓక్‌లు పడిపోయి కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి. టీవీలన్నీ విశాఖనే చూపించాయి. కాఫీ మొక్క మళ్ళీ నాటితే కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. వాళ్ళు ఓపిక పట్టారు, మళ్ళీ నాటారు. భూమి తమది కాకపోతే ఎవరైనా అన్నేళ్ళు ఓపిక పడతారా?

మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, కటికి జలపాతం, గాలికొండ. ఇవన్నీ ఏ డ్రైవర్ అయినా చూపిస్తాడు. సంత చూడండి, అది మాత్రం వదలొద్దు.

వలిస పూల గురించి మాత్రం బాధతోనే రాస్తున్నాను. నవంబర్, డిసెంబర్‌లలో లోయంతా పసుపుపచ్చగా ఉంటుంది. అది గింజల పంట, నూనె తీస్తారు. పోయిన డిసెంబర్‌లో రోడ్డు పక్కన ఒక మడిలోకి పాతికమంది దిగి, ఫోటోల కోసం పడుకుని, దొర్లి, పూలు తెంపి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ చేను ఆవిడ ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళాక ఒంగి పడిపోయిన మొక్కల్ని చేత్తో లేపుతోంది. నేను దగ్గరికి వెళ్తే, “పూలు చూస్తే మాకూ సంతోషమే బాబూ. గట్టు మీద నుంచి చూడొచ్చు కదా,” అంది. ఇంకేం చెప్పాలో తెలియక నేనూ నాలుగు మొక్కలు లేపాను. సగం మళ్ళీ ఒరిగిపోయాయి.

రూములు చాలడం లేదన్నది నిజమే. మరి వాళ్ళనే కట్టుకోనివ్వండి. గిరిజనులు తమ భూమిలో తాము అతిథి గృహం నడుపుకోవడానికి 1/70 అడ్డు కాదు. అడ్డు డబ్బు, శిక్షణ, దారి. ఆ మూడూ ఇవ్వడానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు. వ్యూ పాయింట్ దాకా తారు రోడ్డు వేయగలిగిన మనం, గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడెం దాకా వేయలేమా? ఆ డోలీ వార్తలు ఈ జిల్లా నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. రిసార్టు లేదని బాధపడే ముందు దీనికి కదా బాధపడాలి!

మొన్న జనవరిలో నా స్నేహితుడి కుటుంబానికి ఎక్కడా రూమ్ దొరకలేదు. అనంతగిరి దగ్గర నాకు తెలిసిన ఒక కాఫీ రైతు ఇంట్లో రెండు రాత్రులు ఉంచాను. గీజర్ లేదు, కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి ఇచ్చారు. నా స్నేహితుడి ఎనిమిదేళ్ళ పాప పొద్దున్నే ఎర్రటి కాఫీ పండు కోసి నోట్లో వేసుకుని, “నాన్నా, కాఫీ తియ్యగా ఉంది!” అని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. పైన ఉండేది తియ్యటి గుజ్జు, లోపలి గింజే మనం తాగేది అని ఆ రైతు పాపకి వొలిచి చూపించాడు. అడిగిన డబ్బు కంటే ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. ఈ ఏడాది వాళ్ళు ఇంకో గది వేసుకుంటున్నారు, పై కప్పు రేకులు వచ్చాయట.

ఈసారి కూడా ఫోన్ చేయండి, విసుక్కోను. ఆ గది పూర్తయితే నంబర్ ఇస్తాను. కాకపోతే పొద్దున రైలుకి ఎక్కి సాయంత్రం రైలుకి దిగిపోయేలా ప్లాన్ రాసి పంపుతాను. వలిస చేలు మాత్రం గట్టు మీద నుంచే చూడండి.