హాజరుకూ బహుమతి ఉండాలి
ఊరి బడుల్లో ఫస్ట్, సెకండ్ వచ్చిన పిల్లలకే బహుమతులివ్వాలి, అప్పుడే పోటీ పెరుగుతుందని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. నల్లగొండ జిల్లా దేవరకొండ దాటి చందంపేట వైపు ఒక తండా బడికి బహుమతులివ్వడానికి వెళ్లాను. అక్కడి పిల్లలకు ఇంట్లో మాట లంబాడీ, బడిలో చదువు తెలుగు, ఇంగ్లిష్. కొందరి అమ్మానాన్నలు పనులకు పట్నం పోతే, వాళ్లు నాయనమ్మల దగ్గరే ఉంటారు. అలాంటి పిల్ల ఏడాదంతా బడి మానకపోవడం ర్యాంకు కంటే తక్కువేం కాదు. టీచర్లు హాజరుకూ బహుమతి పెట్టారు, చాలా మంచి పని. మూడో తరగతి పాప రంగు పెన్సిళ్ల డబ్బా అందుకుంటే, చేన్లోంచి అట్లనే వచ్చిన నాయనమ్మ "దేనికిచ్చిండ్రు సార్?" అనడిగింది. రోజూ బడికొచ్చినందుకంటే నమ్మక మళ్లీ అడిగింది. దాతలు షీల్డుల ఖర్చుతో బొమ్మల కథల పుస్తకాలు కొంటే ఇంకా ఎక్కువ మందికి అందుతాయి.