హ్యాంగ్ అవని కంప్యూటర్ వల్ల సమాజానికి జరుగుతున్న నష్టం

ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక ప్రమాదకరమైన ధోరణి మొదలైందండి, పేపర్లో రాదు, టీవీలో డిబేట్ పెట్టరు, అందుకని నేనే నోరు విప్పాల్సి వస్తోంది. జనం కంప్యూటర్ కొనేముందు ఏది ఫాస్టు అని అడగడం మానేసి, ఏది ఓ ఏడెనిమిదేళ్ళు గొడవ చెయ్యకుండా నడుస్తుంది అని అడుగుతున్నారు. అడగడంతో ఆగట్లేదు, ఏ ప్రాసెసర్‌కి, అంటే కంప్యూటర్ మెదడులాంటి చిప్పుకి, ఏ బోర్డు, అంటే అన్నీ బిగించే మదర్‌బోర్డు, సరిపోతుందో కూర్చుని చదువుకుని మరీ షాపుకి పోతున్నారు. ఇదిలాగే సాగితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సీపీయూ డబ్బా మూత విప్పడం వచ్చిన మనిషి మిగలడు.

కంప్యూటర్ మొరాయించని ఇంట్లో, కంప్యూటర్ తెలిసిన మేనల్లుడికి విలువేంటో ఒక్కసారి ఆలోచించండి. వాడికి బీటెక్‌లో ఇంకా ఎన్ని సబ్జెక్టులు మిగిలున్నాయో చుట్టాలందరికీ తెలుసు, అయినా సంక్రాంతికి వస్తే ముందు కాఫీ వాడికే, ఎందుకంటే డిస్‌ప్లే రానప్పుడు ర్యామ్ అనే మెమరీ పట్టీ పీకి, పిల్లల పెన్సిల్ బాక్సులోంచి ఎరేజర్ తీసి, ఆ బంగారు రంగు అంచు రుద్ది, అలవాటు కొద్దీ ఒకసారి ఉఫ్ అని ఊది, టక్కున నొక్కి పెడితే డిస్‌ప్లే వస్తుంది. డబ్బా వేడెక్కుతోందని మూత ఊడదీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టిస్తాడు, అత్తయ్య "మా వాడికి తెలియంది లేదు" అంటుంది. అదే కంప్యూటర్ బాగా పనిచేస్తే? మావయ్యా వాడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఏం మాట్లాడతారు, బ్యాక్‌లాగ్‌ల గురించే కదా.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు రాత్రి కంప్యూటర్ నీలం తెర వేసిందనుకోండి, పక్కింటికి పరిగెత్తుతాం, వాళ్ళబ్బాయి ఏ కాలేజీ పెట్టాడో అప్పుడు తెలుస్తుంది. ఇరుగుపొరుగు సంబంధాలు నిలబడేది ఇలాంటి వాటి మీదే. ఇక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చూడండి, అందరూ సీటీసీ అనేదే, అన్ని అంతస్తుల షాపులు, భుజాన సీపీయూ మోసుకుంటూ మెట్లెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఆ మెట్ల మీద జరిగే వ్యాయామం కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

అదృష్టం ఏంటంటే పెద్ద పెద్ద కంపెనీలు ఈ విషయంలో మొదట్నుంచీ మన పక్షానే ఉన్నాయి. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్, జంట ప్రధాన సంఖ్యల మీద ఏవో కూడికలు చేసుకుంటూ ఉంటే ఇంటెల్ పెంటియం చిప్పు భాగహారం తప్పు చేస్తోందని బయటపడింది. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, పెంటియం మాత్రం 1.33373 అంది. నాలుగో దశాంశ స్థానం దగ్గర మొదలైన ఈ చిన్న అభిప్రాయభేదానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. మామూలు మనుషులకి ఇది ఎప్పుడోగానీ ఎదురవదు అని కంపెనీ మొదట్లో సర్దిచెప్పబోయింది కూడా, కానీ జనం ఊరుకోలేదు, లెక్క తప్పితే ఊరుకోని జనం అప్పట్లో ఉండేవాళ్ళు.

2000ల మొదట్లో బోర్డుల వంతు. బోర్డు మీద కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బీలు, కెపాసిటర్లు అంటారు, నాసిరకం ద్రవం పోసినవి రెండు మూడేళ్ళకే పైన ఉబ్బి, కారి, బోర్డుని తమతో తీసుకుపోయేవి, ఆ రోజుల్లో డబ్బా మూత తీసినవాడు మొట్టమొదట చూసేది వాటి నెత్తినే. 2011 జనవరిలో ఇంటెల్ మరో అడుగు ముందుకేసింది, శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్ నిక్షేపంలా ఉంది, దాని బోర్డు మీదున్న 6 సిరీస్ చిప్‌సెట్ అనే సహాయక చిప్పులోనే, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ నీరసపడిపోతాయని తేలి, అమ్మినవి వెనక్కి పిలిచారు, 70 కోట్ల డాలర్ల అంచనా. ప్రాసెసర్ ఎంచుకుంటే చాలు, బోర్డుదేముంది అనేవాళ్ళు ఈ సంగతి ఎక్కడా ఎత్తరు, నేనూ ఎత్తకూడదేమో, బోర్డు కూడా చూసుకుని కొనాలని జనానికి తెలిస్తే నా వాదనకి అడ్డు.

కానీ అసలు స్వర్ణయుగం మొన్నమొన్నటిదే. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పులు, ఐ9 13900కే లాంటివి, బాగానే కొన్నాళ్ళు ఆడి తర్వాత గేముల్లో కుప్పకూలడం మొదలుపెట్టాయి. తెర మీద వీడియో మెమరీ చాలట్లేదు అని ఎర్రర్ వచ్చేది, జనం పాపం గ్రాఫిక్స్ కార్డుని తిట్టారు, దొంగ మాత్రం ప్రాసెసర్. చిప్పు లోపలి మైక్రోకోడ్ అనే ప్రోగ్రామ్ అడగాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజి అడుగుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129 అని ఒక సవరణ, సెప్టెంబరులో 0ఎక్స్12బి అని ఇంకోటి వదిలింది, వారంటీ రెండేళ్ళు పెంచి మొత్తం అయిదు చేసింది. ఇందులో నాకు బాగా నచ్చినది ఏంటంటే, ఒకసారి దెబ్బతిన్న చిప్పు ఏ సవరణకీ తిరిగి బాగుపడదు, మార్చుకోవాల్సిందే. ఈ సవరణలు వచ్చేది బయోస్, అంటే బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రామ్, అప్‌డేట్‌తోనే, అంటే అది చెయ్యడానికి బద్ధకించిన ప్రతివాడూ తెలియకుండానే మన ఉద్యమానికి పనిచేశాడన్నమాట.

దీంట్లో బోర్డు కంపెనీల పాత్రని చరిత్ర మరిచిపోకూడదు. ఆ ఐ9 13900కే చిప్పుకి ఇంటెల్ రాసిన గరిష్ఠ పరిమితి 253 వాట్లు. ఖరీదైన బోర్డులు చాలా వాటిలో బయోస్ తెరిస్తే ఆ చోట 4096 వాట్లు అని ఉండేది, అంటే నీ ఇష్టం తల్లీ ఎంత కావాలంటే అంత తాగు అని. మన బాత్రూములో గీజర్ 2000 వాట్లు. పక్క బోర్డు కంటే రెండు మార్కులు ఎక్కువ రావాలని కొన్నవాడికి చెప్పకుండా ఈ ఏర్పాటు, కార్పొరేట్ కాలేజీలు చూసి నేర్చుకున్నారేమో అని నాకో అనుమానం.

ఇంటెల్‌కి పోటీ చిప్పులు చేసే ఏఎమ్‌డీ వాళ్ళు వెనకబడ్డారని అనుకోకండి. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని సాకెట్‌లోనే, అంటే బోర్డు మీద చిప్పు కూర్చునే గూట్లోనే, మాడాయి, చిప్పు కింద ఉబ్బెత్తు, బోర్డు మీద నల్ల మచ్చ. ర్యామ్‌ని వేగంగా పరిగెత్తించే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేస్తే కొన్ని బోర్డులు చిప్పులో ఎస్ఓసీ అనే భాగానికిచ్చే వోల్టేజిని మరీ పైకి లాగేవి, తర్వాత బయోస్‌లో దానికి 1.3 వోల్టులని గొళ్ళెం పెట్టారు. అయితే సాకెట్ విషయంలో మాత్రం ఏఎమ్‌డీ మనకి తీరని ద్రోహం చేసింది. ఏఎమ్4 సాకెట్‌లో రైజెన్ 2017లో వచ్చింది, 2024లో కూడా అదే సాకెట్‌కి కొత్త చిప్పులు వదిలారు. ఎప్పుడో కొన్న బోర్డులో బయోస్ మార్చి కొత్త చిప్పు పెట్టుకోవడమేంటండి, బోర్డు అమ్మేవాళ్ళు బతకొద్దా? ఇంటెల్‌కి ఆ బాధ్యత ఉంది. 2017లో ఎనిమిదో తరం తెచ్చినప్పుడు సాకెట్‌కి పిన్నులు అవే 1151, చిప్పు చక్కగా కూర్చుంటుంది కూడా, పాత బోర్డులో మాత్రం పనిచెయ్యదు, కొత్త బోర్డు కొనాల్సిందే. దీన్ని క్రమశిక్షణ అంటారు.

సరే, ఇవన్నీ విన్నాక కూడా మంచి కంప్యూటర్ కొనకుండా ఉండటం ఎలా అని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. చాలా తేలిక. షాపులో "ఐ5 ఇవ్వండి" అనండి, అంతే, ఏ జనరేషన్ అని పొరపాటున కూడా అడక్కండి. ఐ5 అనే పేరు 2009 నుంచి ఉంది, కాబట్టి అబద్ధం ఎవరూ ఆడినట్టు కాదు. 2012 నాటి మూడో తరం ఐ5ని హెచ్61 బోర్డులో పెట్టి, మెరిసే కొత్త డబ్బాలో బిగించి, లోపల రంగు లైట్లు వేసి ఇస్తారు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం కింద ఇంటెల్ చిప్పుల్ని, ఒకటీ అరా తప్ప, ఇంట్లోకి రానివ్వదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది, కాబట్టి లైట్లు చూసుకుంటూ గడపొచ్చు.

కొంచెం చదువుకున్నవాళ్ళైతే పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ చిప్పు తీసుకోండి, కాస్త తక్కువకి వస్తుంది, ఎందుకు తక్కువ అని అడగొద్దు. దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకుండా మానిటర్ కేబుల్ తీసుకెళ్ళి బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎమ్ఐలో గుచ్చి, నల్ల తెర ముందు ఇంటిల్లిపాదీ కూర్చోండి. డీడీఆర్4 అనే పాత రకం ర్యామ్ పట్టే బోర్డుకి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తేవడం కూడా మంచి పద్ధతే గానీ దాని గాడి వేరే చోట ఉంటుంది, కూర్చోదు, మన మేనల్లుడు బలవంతం చేస్తే మాత్రం చెప్పలేం. అంతకంటే నాజూకైన పద్ధతి నాలుగు ర్యామ్‌లు నాలుగు రకాలవి కొనడం. ఏఎమ్4 తర్వాత వచ్చిన ఏఎమ్5 సాకెట్ బోర్డులో రైజెన్ 7000 పెట్టి రెండు ర్యామ్‌లు వేస్తే 5200 వేగం దాకా గ్యారంటీ ఇచ్చే ఏఎమ్‌డీ, నాలుగు స్లాట్లూ నింపితే 3600 అంటుంది, ఆ పైన అంతా మన పూర్వజన్మ సుకృతం. ఇంకోటి, డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచుతుంది, ఆ కాసేపు ఆగలేక స్విచ్ ఆపి వేసి ఆపి వేసి చివరికి "బోర్డు డెడ్ అండి" అని వెనక్కి పట్టుకెళ్ళేవాళ్ళకి నా ప్రత్యేక అభినందనలు.

అన్నట్టు డాలస్‌లో ఉండే బావగారి సలహా తప్పకుండా తీసుకోండి. ఆయన వాట్సాప్ కాల్‌లో ఐ9 కన్నా తక్కువ మాట్లాడరు, ఇక్కడ ఎంత చీపో తెలుసా అంటారు, మన పని కరెంటు బిల్లు కట్టడం, పిల్లల ప్రాజెక్టు ప్రింటు తియ్యడం, అమ్మకి ప్రవచనాలు పెట్టడం అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఎక్కదు. ఫ్యూచర్ ప్రూఫ్ అంటారు.

ఇప్పుడు అవతలి పక్షం గురించి, పేర్లు చెప్పను గానీ వాళ్ళ లక్షణాలు చెప్తాను, కనిపిస్తే దూరంగా ఉండండి. వీళ్ళు కొత్త చిప్పు వచ్చిన వారం కొనరు, ఆర్నెల్లో ఏడాదో ఆగి, ఎవరి బోర్డులు మాడాయో ఎవరివి మాడలేదో తీరిగ్గా చూసి, బయోస్ సవరణలన్నీ అయ్యాక కొంటారు. ఎంత పిరికితనం! కొనేది కూడా ఐ3 12100 లేదా ఐ5 12400, పన్నెండో తరం కాబట్టి ఆ వోల్టేజి జబ్బు వీటికి లేదు, ఎఫ్ లేనిది అడిగి తీసుకుంటారు కాబట్టి తెర కూడా వస్తుంది. లేదంటే రైజెన్ 5 5600జి, అది 65 వాట్ల చిప్పు, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే. ఇలాంటి చిప్పుకి పెద్ద బోర్డు అక్కర్లేదని వీళ్ళకి తెలుసు, ఇంటెల్ అయితే బీ660 లేదా బీ760, ఏఎమ్‌డీ అయితే బీ550, ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ రాసిన వేగం దాటించడం, చెయ్యనివాడికి దానికోసమే వచ్చే జెడ్ బోర్డు ఎందుకు అంటారు. ప్రాసెసర్ పక్కన కరెంటు సర్దే భాగం, వీఆర్ఎమ్ అంటారు, దాని మీద హీట్‌సింక్ ఉందా లేదా అని ఫోటో పెద్దది చేసి చూస్తారు. బోర్డు కంపెనీ సైటుకి పోయి, తమ చిప్పు ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో జాబితాలో వెతుకుతారు, ర్యామ్ కూడా అక్కడి జాబితాలో ఉన్నదే, ఒకే ప్యాకెట్‌లో వచ్చిన జత, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటు. ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎమ్‌పీ సెట్టింగ్ కూడా కంపెనీల లెక్కలో ఓవర్‌క్లాకింగే కదండీ, ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఎందుకండీ అని ఆఫ్‌లోనే ఉంచేవాళ్ళని నా కళ్ళతో చూశాను. పైగా బాక్సు ప్రాసెసర్ కావాలి, పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ముక్క వద్దు, జీఎస్టీ బిల్లు కావాలి, బిల్లు మీద సీరియల్ నంబరు కావాలి. షాపతను "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా సార్" అన్నా లొంగరు. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత కూడా దాచుకుంటారు, పిన్ను వంగితే వారంటీ రాదని, బోర్డు వెనక్కి పంపాలంటే అది ఉండాలని.

ఇవన్నీ ఒక ఎత్తు, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఒక ఎత్తు. మన సంప్రదాయం ప్రకారం ఎస్ఎంపీఎస్ అనేది డబ్బాతో పాటు ఫ్రీగా రావాలి, పైన 450 వాట్లు అని స్టిక్కరు ఉండాలి, చేత్తో ఎత్తితే బరువు తెలియకూడదు. కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే ముందు ర్యామ్‌ని, తర్వాత విండోస్‌ని, ఆ తర్వాత బోర్డుని అనుమానించాలి, ఫార్మాట్ కొట్టించాలి, ఎస్ఎంపీఎస్ జోలికి ఎవరూ పోకూడదు. వీళ్ళు ఈ వరస మొత్తం తిరగేశారు. ప్రాసెసర్‌లో మిగిల్చిన డబ్బులు తెచ్చి మంచి ఎస్ఎంపీఎస్ మీద పెడతారు, కింద ఒక 600 వీఏ యూపీఎస్, దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉందా అని ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తారు. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు ఇటుక అవుతుందని భయమట. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చి పోయి వచ్చే ఆ దెబ్బకి బోర్డులు రాలే సీజన్ ఒకటుంది మనకి, రిపేరు షాపులకి అదే దసరా, దానికీ గండి కొడుతున్నారు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఇలాగే ఐ3 ఒకటి పెట్టించుకున్నారు. లిఫ్టులో కలిసినప్పుడు, ఏమండీ దాంతో విసుగు రావట్లేదా, బయోస్‌లోకన్నా వెళ్ళి ఏమన్నా మార్చి చూడొచ్చుగా అని చనువు కొద్దీ అడిగాను. "దేనికండీ? ఆన్ చేస్తాను, నామినేషన్ ఫారాలో బిల్లులో ఏదో ఒకటి చూసుకుంటాను, ఆఫ్ చేస్తాను. ఇంతకీ మీది ఏ కంప్యూటరు?" అన్నారు. ఇలాంటి వ్యక్తిగత ప్రశ్నలకి నేను జవాబు చెప్పను, మూడో ఫ్లోరులో దిగిపోయాను.