స్టారా, స్నోఫ్లేకా: మిర్యాలగూడ మిల్లుల తెగని పంచాయితి

దేశంల శానా సమస్యలున్నయ్ గని, రైస్ మిల్లు అమ్మకాల రిపోర్టుకు స్టార్ స్కీమా పెట్టాల్నా స్నోఫ్లేక్ పెట్టాల్నా (రెండూ డేటా టేబుళ్లను పేర్చే పద్ధతులే) అన్నదాన్ని మించింది ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

స్టార్ మరీ నాటు పద్ధతి. నడుమ అమ్మకాల లెక్కలుండే ఫ్యాక్ట్ టేబుల్, సుట్టూ తారీఖు, సరుకు, కస్టమర్, ఊరు అని వివరాలుండే డైమెన్షన్ టేబుళ్లు, ఊరి టేబుల్ల ఊరు మండలం జిల్లా అన్నీ ఒకే వరుసల కుక్కి, నల్లగొండ అని వెయ్యిసార్లు రాసినా వాళ్లకు శరం అనిపియ్యదు. 1996ల రాల్ఫ్ కింబాల్ అనేటాయన రిపోర్టుల డేటా ఎట్ల పేర్చాల్నో పుస్తకం రాసిన కాంచి ఇదే లొల్లి, రిపోర్టులు చేసే వాళ్ల పవర్ బీఐ సాఫ్ట్‌వేర్‌కు స్టారే మంచిదని మైక్రోసాఫ్టోళ్లు కూడా రాసి పెట్టిన్రు, మనం ఇంటమా?

స్నోఫ్లేకోళ్లు మర్యాదస్తులు. ఊర్లన్నిటికి ఒక టేబుల్, మండలాలకు ఇంకో టేబుల్, జిల్లాలకు మరో టేబుల్, నల్లగొండ ఒక్క కాడనే ఉంటది. మిగిలిన జాగల గుడ్ మార్నింగ్ ఫొటోలు రెండు పడతయ్! టేబుళ్లను కలిపే జాయిన్లు ఎక్కువై రిపోర్టు గిర్రున తిరుగుతాంటే తిరగనీ, అందాక చాయ్ తాగొచ్చు, ఆ కొట్టాయన గూడ బతకాలె గద.

అసలు మజా జిల్లాల కాడుంది. 2016 అక్టోబర్ 11, దసరా నాడు నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరుల కెల్లి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పోయినయ్, 2019ల నారాయణపేట గూడ పాయె. కోదాడ దుకాణపాయన కూసున్న కాడికెల్లి లేవనేలేదు, జిల్లా మాత్రం సూర్యాపేట అయింది. స్టార్ల అయితే కోదాడ మండలం ఊర్లన్నిటి వరుసలు దిద్దాలె, స్నోఫ్లేక్ల మండలం వరుస ఒక్కటి దిద్దితే సాలు, 2015 అమ్మకాలు గూడ సూర్యాపేట జిల్లా ఖాతాల పడతయ్, అప్పటికి ఆ జిల్లా పుట్టనే లేదాయె. చరిత్రను ఇంత అగ్గువకు మార్చే అవకాశం ఇంకేడ దొరుకుతది? పాత వరుస అట్లనే ఉంచి, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చెల్లుతదో రాసి, కింద కొత్త వరుస పెట్టుకోవచ్చు, దాన్ని టైప్ 2 అంటరు, స్టార్ల నడుస్తది స్నోఫ్లేక్ల గూడ నడుస్తది. అందుకే మీటింగుల దాని ఊసు ఎవ్వరూ ఎత్తరు, కొట్లాడనీకె ఏం మిగలదు గద.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే, ఇరుపక్షాల పెద్దమనుషులతోని కమిటీ ఎయ్యాలె, భోజనాల ఖర్చు మిల్లే పెట్టుకోవాలె. కాకపోతే ఒక గుమాస్తా ఉన్నడు, "సార్, ఫ్యాక్ట్ టేబుల్ల ఒక్క వరుసంటే బిల్లా, లారీనా, బస్తానా? బస్తా అయితే పాత 25 కిలోలదా, జీఎస్టీ పడ్డంక వచ్చిన 26 కిలోలదా?" అని అడుగుతనే ఉంటడు. ఆయన్ను మాత్రం కమిటీల ఎయ్యొద్దు, రెండో రోజుకే పని అయిపోతది.