కొండ కాలితే మంచిదేనట!

మాఘం వెళ్లిందంటే చాలు, రాత్రిపూట మా మేడ మీదకెక్కి కొండల వైపు చూస్తే ఎర్రటి గీత ఒకటి కనబడుతుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర మా ఊరు. చిన్నప్పుడు ఆ గీతను చూసి "కొండకి దండేశారు" అనుకునేవాళ్లం. దండ మెల్లగా పైకి పాకుతుంది, మధ్యలో తెగి రెండవుతుంది, తెల్లారేసరికి మాయం. పొద్దున్న చూస్తే నీళ్ల గోలెంలో నల్లటి ఆకుపొరలు తేలుతుంటాయి. ఆకు ఈనెలు కూడా చెక్కు చెదరకుండా కనిపిస్తాయి. వేలు తగిలితే మసి.

ఈ ఏడు ఆ గీతతో పాటు ఒక వాట్సాప్ మెసేజ్ కూడా కొండెక్కింది. మా బంధువుల గ్రూపులోనే ముగ్గురు పెట్టారు. మెసేజ్ సారాంశం ఇది: కొండ మంటలకు భయపడక్కర్లేదు, అవి ప్రకృతి తనను తాను శుభ్రం చేసుకునే పద్ధతి. వెదుళ్లు రాసుకుని వాటంతట అవే పుడతాయి. బూడిద ఎరువై అడవి చిక్కబడుతుంది. పొగ పైకెళ్లి మబ్బు కట్టి వాన పడుతుంది. కర్ర కాలిస్తే వచ్చే గాలిని చెట్లు మళ్లీ పీల్చేసుకుంటాయి కాబట్టి లెక్క సమానం. కర్రల పొయ్యి పొగ పీల్చిన మన పెద్దలు నూరేళ్లు బతికారు, గ్యాస్ కంపెనీల మాయలో పడకండి. చివరగా, ఎక్కడైనా అడవి పాడైందంటే అది పోడు కొట్టే సవర గిరిజనుల పని.

మొదటి మాటా చివరి మాటా పక్కపక్కన పెట్టి చూడండి. మంట దానంతట అదే పుడితే సవరల తప్పేమిటి? సవరలే పెడితే వెదుళ్లెందుకు రాసుకున్నట్టు? రాసినాయన తన మెసేజ్ తాను రెండోసారి చదువుకోలేదు.

వెదుళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. మన కొండల్లో మంటలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆకు రాలి, గడ్డి ఎండి, నేలంతా అప్పడాల్లా పెళపెళలాడే కాలం. నిప్పు పుట్టించగల సహజ కారణం ఏదైనా ఉందంటే అది పిడుగు. మన దగ్గర పిడుగు వానతో పాటే వస్తుంది, ఫిబ్రవరి మార్చిలో అదీ అరుదు. మిగిలింది మనిషే. దేశం మొత్తం మీద చూసినా అడవి మంటల్లో అత్యధిక భాగం మనుషుల చేతి నుంచి పుట్టేవే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకు కాలిస్తే నున్నటి నేల మీద పువ్వు తేలిగ్గా ఏరుకోవచ్చు. మేకలకు లేతగడ్డి వస్తుందని ఒకరు పెడతారు. తేనెపట్టుకు పొగ పెట్టి కాగడా అక్కడే పారేసేది ఒకరు. ఘాట్ రోడ్డులో బండి ఆపి, చుట్ట కాల్చి విసిరేసేది ఇంకొకరు. ఈ చివరి ఆయన పట్నం నుంచి వస్తాడు. ఆయన పేరు ఏ మెసేజ్‌లోనూ ఉండదు.

మంట ఎక్కడ పుట్టిందో ఇప్పుడు దాచినా దాగదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాలతో మంటలు కనిపెట్టి అటవీ శాఖలకు కబురు పంపుతోంది. ఇప్పుడు వాడే సెన్సర్లలో ఒకటి 375 మీటర్ల చదరాల్లో నేలను చూస్తుంది. కావాలంటే మనమూ పేరు నమోదు చేసుకుని మన ప్రాంతం హెచ్చరికలు ఫోన్‌కే తెప్పించుకోవచ్చు. అదే సంస్థ 2019 నివేదిక ప్రకారం దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటల బారిన పడే అవకాశం ఉన్నదే. ప్రకృతి ఇంత శుభ్రం కోరుకుంటుందని నేననుకోను.

సవరల మాట చెప్పాలి. పోడులో నిప్పు ఉంది, లేదని అబద్ధం చెప్పను. కంప నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలో కందులో చల్లుతారు. పాత పద్ధతిలో ఒకసారి కాల్చిన వాలును ఏళ్ల తరబడి వదిలేసేవారు, అడవి తిరిగి లేచేది. జనం పెరిగి, భూమి తరిగి, ఆ విరామం కుంచించుకుపోయింది. నష్టం అక్కడుంది. కానీ ఇదే సవరలు కొండవాలులో రాయి మీద రాయి పేర్చి, మెట్లు మెట్లుగా మళ్లు కట్టి, గెడ్డ (కొండవాగు) నీరు మళ్లించి వరి పండించే నేర్పరులు. సీతంపేట వైపు వెళ్లి చూడండి, ఇంజనీరు లేకుండా కట్టిన గట్లు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలొచ్చిన చోట జీడి వేసుకున్నారు, అనాస వేసుకున్నారు. ఎవరో రాజేసిన మంట గాలివాటుకు వస్తే ముందు కాలేది ఆ తోటలే. ఇల్లు కాలినవాడి మీదే నిప్పు నేరం మోపడం మనకు బాగా అలవాటైపోయింది.

ఇక బూడిద. ఇందులో కొంచెం నిజముంది, అందుకే ఇది ప్రమాదకరమైన మాట. మా పెరట్లో చిక్కుడు పాదుకు పేను పడితే మా అమ్మ పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి, తెల్లవారుజామున ఆకు మంచుతో తడిగా ఉన్నప్పుడు చల్లుతుంది. పనిచేస్తుంది. బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి, మొక్కకు మంచివే. అయితే మొక్కకు అన్నిటికంటే ఎక్కువ కావలసింది నత్రజని. ఆకు కాలేటప్పుడు దానిలో ఎక్కువ భాగం పొగతో పాటు గాలికి పోతుంది. కాల్చకుండా కుళ్లనిస్తే అదే నత్రజని నేలకు దక్కేది. పైగా అమ్మ చల్లే పాదు చదును నేల. కొండ చదును కాదు. జూన్‌లో మొదటి వాన పడిన రోజు మా ఊరి గెడ్డ దగ్గర నిలబడితే తెలుస్తుంది: నీళ్లు కాఫీ డికాషన్ రంగులో, పైన నురగతో దిగుతాయి. కొండకు ఎరువు అవుతుందన్న బూడిద అదే, వంశధారకు పోతోంది. దాని వెనకే ఎర్రమట్టి. ఆకు దుప్పటి కాలిపోయిన నేల మీద చినుకు నేరుగా కొడుతుంది. మంట వేడికి ఆకుల్లోని మైనం లాంటి పదార్థం మట్టి రేణువులకు పట్టుకుని, కొన్నిచోట్ల నేల నీటిని పీల్చుకోకుండా పక్కకు జార్చేస్తుంది. వాన పడింది, కొండ తాగలేదు. వేసవిలో ఊటలు ఎందుకు ముందే ఎండుతున్నాయని అడిగేవాళ్లు గెడ్డ రంగు కూడా చూడాలి.

అడవి చిక్కబడుతుందా? పచ్చబడుతుంది, అది నిజం. గడ్డి వేరు బతికే ఉంటుంది కాబట్టి నాలుగు చినుకులకే లేస్తుంది. మందపాటి బెరడున్న పెద్ద చెట్లూ తట్టుకుంటాయి. పోయేది మోకాలెత్తు మొలకలు. ఉసిరి, కరక, చింత... పడిన గింజ, మొలిచిన మొక్క, రెండూ పోతాయి. ఏటా అదే వాలు కాలితే పెద్ద చెట్ల తర్వాత వచ్చే తరం ఉండదు. ఆ ఖాళీలోకి లాంటానా కంప దూరుతుంది. కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, పశువు ముట్టదు. దూరం నుంచి అదీ పచ్చగానే కనిపిస్తుంది. ఒక పశువులతను నాతో అన్న మాట: "పచ్చగ ఉంటే సరిపోద్దేటి బాబూ, తినడానికేటుంది?"

అటవీ శాఖ కూడా మంటలు పెడుతుంది కదా అని గ్రూపులో ఒకరు వాదించారు. పెడుతుంది. వేసవి రాకముందే, ఫైర్ లైన్ల (మంట దాటకుండా ఖాళీగా ఉంచే పట్టీల) మీద, మనుషుల్ని నిలబెట్టుకుని, ఇంత వెడల్పని కొలిచి. దానికీ, ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టి ఇంటికి పోయి పడుకోవడానికీ తేడా తెలియకపోతే ఇక చెప్పేదేం లేదు. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం కూడా.

పొగతో వాన అన్నది వినసొంపుగా ఉంది గానీ లెక్క తిరగబడింది. మబ్బులో చుక్క కట్టడానికి ధూళికణం కావాలి, అంతవరకు సరే. పొగలో ఉండేవి మరీ సన్నటి కణాలు, అదీ కోట్లలో. ఉన్న తేమ అంతా వాటికి పంచుకుపోతే ఏ చుక్కా కిందపడేంత బరువెక్కదు. పదిమందికి వండిన పప్పు వందమందికి వడ్డించినట్టు. 1999లో డేనియల్ రోజెన్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త ఉపగ్రహ సమాచారంతో, అడవి మంటల పొగ చేరిన మబ్బులు కురవకుండా ఆగిపోతున్నాయని చూపించాడు. మన వేసవి గాలివానలకు సముద్రపు తేమా, ఎండా, కొండలూ చాలు.

"లెక్క సమానం" అన్న మాట చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు, కాబట్టి లెక్కే వేద్దాం. ఎండిన కర్ర బరువులో సుమారు సగం కర్బనం. కిలో కర్ర పూర్తిగా కాలితే దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి కర్ర బరువు కంటే ఎక్కువ. దీన్ని తిరిగి పీల్చుకోవాలంటే అంత కర్ర మళ్లీ పెరగాలి. తీరంలో వేసే సరుగుడు నాలుగైదేళ్లకు కోతకొస్తుంది, కొట్టిన చోట మళ్లీ వేస్తారు. అక్కడ ఈ వాదన చాలావరకు నిలబడుతుంది, ఒప్పుకుంటాను. కొండ మీద యాభై ఏళ్ల చింతచెట్టు కాలితే? చెట్టు కూలడానికి ఒక రాత్రి చాలు, లేవడానికి ఎన్నేళ్లు కావాలో కొబ్బరితోటల ఉద్దానం వాళ్లనడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పడిన కొబ్బరి చోట మొక్క నాటి, కాయ కోసం ఎన్ని సంక్రాంతులు లెక్కపెట్టారో చెబుతారు. అదీ కాక కర్ర ఎప్పుడూ పూర్తిగా కాలదు. పచ్చికర్ర, తడి ఆకు సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, మసి వదులుతాయి. మీథేన్‌ను వందేళ్ల లెక్కలో చూస్తే బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడి పెంచుతుంది. దాన్ని చెట్టు కార్బన్ డయాక్సైడ్‌లా పీల్చుకుని పెరగలేదు.

ఇక నాకు కోపం తెప్పించిన మాట, కర్రల పొయ్యి గురించి. మా నాయనమ్మ ఎనభై దాటి బతికింది. మెసేజ్ రాసినాయన చూస్తే సాక్ష్యంగా వాడుకునేవాడు. ఆవిడ వంటిల్లు నాకు గుర్తుంది. పెంకుటింటి వెనక వసారా, ఒక్క కిటికీ, దానికీ గోనెపట్టా. పొయ్యి పైన దూలానికి విత్తనం మొక్కజొన్న కంకులు వేలాడేవి, పొగ పట్టి పురుగు చేరదని. ఆ మాట నిజమే, పురుగు చేరేది కాదు. కానీ పురుగు బతకని పొగలో ఆవిడ పూటకు రెండేసి గంటలు కూర్చునేది. తడికర్ర రాజుకోకపోతే ఊదుగొట్టం పెట్టి ఊది, ఊది, ఊపిరి అందక ఆగి, కొంగుతో కళ్లొత్తుకుని మళ్లీ ఊదేది. చివరి పదేళ్లు రాత్రి దగ్గుతో కూర్చునే నిద్ర. కంట్లో శుక్లాలు. "నూరేళ్లు బతికారు" అని రాయడానికి ఒక వాక్యం చాలు, ఆ దగ్గు విన్నవాళ్లు రాయరు.

బతకనివాళ్లు మనకు గుర్తుండరు, అది ఇంకో సంగతి. స్వాతంత్య్రం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చిల్లర. అప్పుడు దేశమంతా కర్రల పొయ్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారు, వారిలో ఐదేళ్లలోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైగా. పొగలోని సన్నటి కణాలను పీఎం 2.5 అంటారు. ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదని ఆ సంస్థ 2021లో చెప్పింది, మన దేశపు ప్రమాణం 60. కిటికీ మూసిన కర్రల వంటిట్లో అది వందల్లో ఉంటుంది. సహజమైన పొగ కదా అంటారు. ఊపిరితిత్తికి ఆ తేడా తెలియదు.

గ్యాస్ కంపెనీల కుట్ర అనే ముందు ఒకటి చూడండి. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలుపెట్టారు. మూడు చాలవు. మా ఇంట్లో ఒకటి నెలన్నర వస్తే గొప్ప. అందుకే ఇంకా చాలా ఇళ్లలో వంట గ్యాస్ మీద, స్నానాల నీళ్లు పెరట్లో కర్రల మీద. అలా కాల్చేవాళ్లను తప్పుపట్టను. పొయ్యి వసారాలోంచి పెరట్లోకి వచ్చినా చాలా పొగ తప్పుతుంది. కర్ర వర్షాకాలం ముందే కోసి, చీల్చి, ఎండబెట్టుకుంటే ఇంకొంత.

ఇదంతా విడగొట్టి ఐదారు మెసేజ్‌లుగా గ్రూపులో పెట్టాను. ఇద్దరు దండం పెట్టారు, ఒకరు శుభోదయం చెప్పారు. మందస దగ్గర జీడితోట ఉన్న మా బావ ఒక్కడే పూర్తిగా చదివినట్టున్నాడు. "అదంతా సరేగానీ బావా, తోటలో ఆకు మోకాలి లోతుంది. కాల్చకపోతే ఏటి చెయ్యమంటావు?" అన్నాడు.

ఆకు ఊడ్చి పాదుల్లోకే నెట్టు, వేసవంతా తేమ నిలబడుతుంది, వానలకు కుళ్లి ఎరువవుతుంది, గట్టు వెంబడి మాత్రం రెండు బారల వెడల్పున నేల కనబడేలా ఊడ్చి పెట్టు, కొండ మీంచి మంట దిగినా అక్కడ ఆగే అవకాశముంటుంది అని రాశాను.

కాసేపటికి జవాబొచ్చింది. "అయితే ఆదోరం రా. చీపుర్లు రెండున్నాయి."