ప్రేమ దస్త్రంపై కొర్రీలు

రాజుల కాలపు పట్టుబట్టలు కట్టుకుని, ఆకాశంలోంచి పూలరేకులు రాలుతుండగా ప్రేమించుకునే చైనా సీరియళ్లను మన విమర్శకులు కాలక్షేపం కింద జమకట్టి వదిలేయడం అన్యాయం. ఉత్త కాలక్షేపమే అయితే, ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఇష్టపడుతున్నారన్న చిన్న సంగతిని ధ్రువీకరించడానికి ఒక సామ్రాజ్యం, రెండు సైన్యాలు, మూడు రకాల విషాలు, ఒక రాజమాత ఎందుకు శ్రమించవలసి వస్తుంది? రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లోవాళ్లు నిద్రపోయారని రూఢి చేసుకుని, ఫోను వెలుతురు తగ్గించి, కొన్నేళ్లుగా నేను సాగిస్తున్న అధ్యయనంలో తేలినది ఒక్కటే: ఇవి ప్రేమకథలు కావు, పరిపాలనా శాస్త్ర గ్రంథాలు. మొదటి ఎపిసోడ్‌లో పుట్టిన ఒక దస్త్రం ఎన్ని బల్లలు తిరిగి, ఎన్ని కొర్రీలు పడి, ఎవరెవరి సంతకాల కోసం ఎన్నాళ్లు ఆగి, చివరి ఎపిసోడ్‌లో ఎలా పరిష్కారమవుతుందో చెప్పడమే వీటి ఏకైక వస్తువు. పట్టాదారు పాసుపుస్తకం కోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగిన తెలుగువాడికి ఈ కథనశిల్పాన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ముందుగా ఈ వ్యవహారం ఏ రాజ్యంలో జరుగుతున్నదో తేల్చాలి. అది తేలదు. ఏ రాజవంశానికీ చెందని, ఏ పటంలోనూ కనిపించని, కేవలం ప్రేమ కోసమే గాలిలో కట్టిన రాజ్యాలివి. చైనావారు ఈ పద్ధతిని ‘జ్యాకోంగ్’ అంటారు. ఇలా గాలిలో కట్టుకోవడానికి ఒక కారణం నేల మీద కట్టినప్పుడు ఎదురైన చిక్కులే. 2011 ఆరంభంలో వచ్చిన ‘గోంగ్’ సీరియల్‌లో నేటి కాలపు అమ్మాయి కాంగ్‌షీ చక్రవర్తి కాలానికి వెళ్లిపోయి ఆయన కొడుకుల మధ్య ఇరుక్కుంది. అదే ఏడాది వచ్చిన ‘బూబూ జింగ్‌షిన్’లో మరో నేటి కాలపు అమ్మాయి అదే చక్రవర్తి కాలానికి వెళ్లి, అదే నాలుగో కొడుకు, అదే ఎనిమిదో కొడుకు మధ్య ఇరుక్కుంది. చైనాను అరవై ఏళ్లకు పైగా ఏలిన చక్రవర్తికి ఇది ఏ మాత్రం మర్యాదగా ఉండి ఉండదు. ఆ మధ్యలోనే, ఏప్రిల్ నెలలో, అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ కాలప్రయాణపు సీరియళ్లు చరిత్రను చులకన చేస్తున్నాయని మందలించింది. చరిత్ర జోలికి వెళితే చీవాట్లు తప్పవని గ్రహించిన రచయితలు, చీవాట్లు పెట్టడానికి వారసులెవరూ మిగలని రాజ్యాలను సొంతంగా తయారుచేసుకోసాగారు.

రాజ్యాన్ని తయారుచేసుకోవచ్చు గాని రాజభవనాన్ని ప్రతిసారీ కట్టలేరు. జెజియాంగ్ ప్రావిన్సులోని హెంగ్‌డియన్‌లో 1996 నుంచి ఎదుగుతూ వచ్చిన చిత్రనగరంలో బీజింగ్ రాజప్రాసాదానికి నకలు ఉంది. ఈ సీరియళ్లను వరసగా చూసేవారికి కొన్నాళ్లకు అక్కడి ద్వారాలు, వంతెనలు, మెట్లు మేనమామ ఇంటి వాకిలంత పరిచయమవుతాయి. నిన్న రాత్రి దుష్టమంత్రి తల తెగిపడిన మెట్ల మీదే ఈ రాత్రి వేరే రాజ్యపు యువరాజు వేరే అమ్మాయి జడలో పిన్ను గుచ్చుతుంటే నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. మెట్లు కడిగించారో లేదో తెలియదు. మాటల సంగతీ అంతే. షూటింగు సందడిలో నటులు పలికినది పక్కనపెట్టి, వృత్తి గాత్రకారుల చేత మళ్లీ చెప్పించడం అక్కడ చిరకాలపు ఆనవాయితీ. కాబట్టి ఎన్నో ఎపిసోడ్ల నిరీక్షణ తరువాత నాయకుడు తన హృదయాన్ని విప్పినప్పుడు మనకు వినిపించేది తరచూ మరొకరి గొంతు. సంతకం ఒకరిది, ముద్ర ఇంకొకరిది అన్నమాట. కార్యాలయ సంప్రదాయాలకు ఇది విరుద్ధం కాదు.

ఇక దస్త్రం ప్రారంభమయ్యే విధానం. నాయిక ఎక్కడి నుంచైనా పడాలి. గోడ, చెట్టు, మేడ, గుర్రం, మేఘం, వీటిలో ఏదైనా చెల్లుతుంది. ఆమె పడే సమయానికి, రాజ్యంలో ఇంకే పనీ లేని యువరాజు సరిగ్గా ఆ గోడ కిందనే నడుస్తూ ఉండాలి. ఆయన ఆమెను నడుము దగ్గర పట్టుకున్నాక ఇద్దరూ గాలిలో గుండ్రంగా తిరుగుతూ దిగుతారు, దిగడానికి పట్టే సమయం గోడ ఎత్తును బట్టి కాక నేపథ్య గీతం నిడివిని బట్టి నిర్ణయమవుతుంది. కళ్లు కలుస్తాయి, జుట్టు ఎగురుతుంది, రేకులు రాలుతాయి; ఆ పరిసరాల్లో పూలచెట్టు ఉండవలసిన అవసరం లేదు. పాదాలు నేలకు తాకిన తక్షణం ఆయన ఆమెను వదిలేసి ‘ధృష్టురాలా!’ అంటాడు. దస్త్రానికి నంబరు పడింది. మా ఎదురింటి ఇంజనీరు గారు ఈ దృశ్యాన్ని రెండుసార్లు చూసి, ఆ వేగంతో పడిన మనిషిని అలా ఒంటిచేత్తో పట్టుకుంటే భుజం కీలు జారుతుందని అభ్యంతరం తెలిపారు. ఆయనను నేను మళ్లీ పిలవలేదు.

మొదటి కొర్రీ మగవేషం. నాయిక జుట్టును పైకి ముడివేసి, పెదవుల రంగు అలాగే ఉంచుకుని, చేతిలో విసనకర్ర పట్టుకోగానే నగరం మొత్తానికి ఆమె పురుషుడు. ఆ ముడి ఊడి జుట్టు భుజాల మీద జారినప్పుడు మాత్రమే నాయకుడికి జ్ఞానోదయమవుతుంది. పొరుగు రాజ్యపు గూఢచారులను బూట్ల చప్పుడును బట్టి గుర్తించగల యువరాజు ఇతడే. తరువాతి కొర్రీలు సత్రంలో ఒకే గది మిగలడం, మత్తుమందు వేరే పాత్రలోకి చేరడం, చక్రవర్తి వివాహాజ్ఞ తప్పుడు చెల్లెలి పేరిట రావడం. వీటి మీద కాలమ్ వృథా చేయను.

ఈ వ్యవస్థను లోపలి నుంచి తనిఖీ చేసిన సీరియల్ ఒకటుంది. 2020లో వచ్చిన ‘ద రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్’, ఇరవై నాలుగు ఎపిసోడ్లు. చెన్ షియావ్‌చ్యెన్ అనే సీరియల్ రచయిత్రి తన రచనలో తర్కం లేదని నాయక పాత్రధారి ఎత్తిచూపితే అభిమానం దెబ్బతిని, రాత్రంతా రాస్తూ నిద్రలోకి జారి, తాను రాసిన కథలోనే కళ్లు తెరుస్తుంది. అది నాయిక పాత్ర అయితే ఇబ్బంది లేకపోయేది. ఆమెకు దక్కింది మూడో ఎపిసోడ్‌లో చావవలసిన దుష్ట రాకుమారి చెన్ చ్యెన్‌చ్యెన్ పాత్ర. చంపవలసినవాడు నాయకుడు హాన్ షువో. పైగా చావు వేళ, విధానం, విషం అన్నీ ఆమె స్వహస్తాలతో రాసినవే. సొంత ఉత్తర్వు మీద సొంతంగా అప్పీలు చేసుకోవలసి వచ్చిన అధికారి దురవస్థ ఇంతకంటే దయనీయంగా ఎక్కడా చిత్రితం కాలేదు.

ఈ సీరియల్‌ను నేను నిజంగా మెచ్చుకునేది మాత్రం హువాయువాన్ నగరం కోసం. అక్కడ ఏలుబడి ఆడవారిది, చదువులు, కొలువులు ఆడవారివి. మగపిల్లలకు సిగ్గు, ఒద్దిక నేర్పి మంచి ఇంటికి పంపుతారు. నగరంలోని వినోదశాలలో వీణ వాయించి అతిథులను అలరించేది అందగాళ్లైన యువకులు. పొరుగున ఉన్న షువాన్‌హు నగరంలో దీనికి పూర్తిగా తలకిందులు, అంటే మనకు అలవాటైన తీరు. అందువల్ల ఆ నగరం గురించి సీరియల్ పెద్దగా వివరించనక్కర్లేకపోయింది. విద్యాశాఖలో చేరిన పెయి హెంగ్ అనే సౌమ్యుడైన యువకుణ్ణి, మగవాడై ఉండీ ఉద్యోగం చేస్తున్నాడని హువాయువాన్ జనం వింతగా చూసినప్పుడు, మా బంధువుల పెళ్లిలో విన్న మాటలు కొన్ని నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుకొచ్చాయి. ఇంత పదునైన సంగతిని ఇంత తేలిగ్గా, వెంట్రుక చెదరకుండా, నవ్వుతూ చెప్పి మళ్లీ గోడ దూకే దృశ్యానికి వెళ్లిపోవడం సామాన్యమైన విద్య కాదు. విమర్శకుడిగా నా గాంభీర్యానికి ఇక్కడ భంగం కలిగిందని ఒప్పుకుంటున్నాను.

హాన్ షువో వచ్చింది పెళ్లి కోసం కాదు, తన గుండె జబ్బుకు మందైన నాగాస్థి అనే నిధిని దొంగిలించడానికి. చ్యెన్‌చ్యెన్‌కు ఆ సంగతీ తెలుసు, తనే రాసింది కాబట్టి. అతణ్ణి అసలు నాయిక అయిన తన రెండో అక్కకు అప్పగించి తాను ప్రాణాలతో బయటపడాలని ఆమె చేసే ప్రతి ప్రయత్నాన్నీ అతను తన మీద ప్రేమగా అర్థం చేసుకుంటాడు. దస్త్రాన్ని పక్క విభాగానికి పంపాలని చూసిన కొద్దీ అది మళ్లీ అదే బల్ల మీదకు చేరడం ఎంత సహజమో మనకు తెలియనిదా?

ఇలా తప్పించుకోజూసే దరఖాస్తు ‘న్యూ లైఫ్ బిగిన్స్’ (2022)లో కూడా ఉంది. వధువుల ఎంపికకు వచ్చిన లీ వెయ్ అనే అమ్మాయి, ఎలాగైనా ఎంపిక కాకుండా ఇంటికి పోయి అమ్మ చేతి వంట తినాలని ఆశిస్తుంది, ఎంపికవుతుంది. నలభై ఎపిసోడ్లలో అధికభాగం భోజనాలే కావడం వల్ల దీన్ని అర్ధరాత్రి ఖాళీ కడుపుతో చూడకూడదు. పెరుగన్నం సిద్ధం చేసుకోవాలి. అట్టహాసం లేకుండా ఇదంతా సాధ్యమేనా అనే వారికి 2015 నాటి ‘గో ప్రిన్సెస్ గో’ చాలు. నేటి కాలపు విలాసపురుషుడు ఒకడు యువరాణి శరీరంలో మేల్కొనే ఆ కథకు డబ్బు ఎంత తక్కువైందంటే, రాజవంశీకుల పాదాలకు నేటి బజారు చెప్పులు కనిపిస్తాయి. చెప్పులను చూసి జనం మరింత ముచ్చటపడ్డారు. 2016 జనవరిలో దాన్ని నెట్ నుంచి తీసివేసి, కత్తిరింపుల తరువాత మళ్లీ పెట్టారు. చెప్పుల వల్ల కాదు.

జాప్యానికి హద్దు ఉండాలని చైనా ప్రభుత్వానికీ అనిపించినట్టుంది. ఏ సీరియల్ అయినా నలభై ఎపిసోడ్లు దాటరాదని, ముప్పైలోపు ఉంటే మరీ మంచిదని 2020 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ఆదేశించింది. ప్రేమకు గడువు విధించిన ప్రభుత్వం ప్రపంచంలో మరొకటి ఉందేమో నేను ఎరగను. నిర్మాతలు ఆ ఆజ్ఞను శిరసావహించారు. ‘లవ్ లైక్ ద గెలాక్సీ’ యాభై ఆరు ఎపిసోడ్ల కథ. 2022లో దాన్ని ఇరవై ఏడు, ఇరవై తొమ్మిదిగా చీల్చి, చైనీస్‌లో రెండు వేర్వేరు పేర్లు పెట్టి, వెనువెంటనే విడుదల చేశారు. ఉమ్మడి ఆస్తిని కాగితాల మీద పంచుకుని ఒకే పొయ్యి మీద వండుకునే మన కుటుంబాలకు ఇందులోని ధర్మసూక్ష్మం వెంటనే బోధపడుతుంది.

చివరగా, అదే ఏడాది వచ్చిన ‘లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్’ గురించి చెప్పకపోతే ఈ పరిశీలన అసమగ్రమవుతుంది. ముప్పై వేల ఏళ్లు బందీగా ఉన్న అసురనాయకుడు డోంగ్‌ఫాంగ్ చింగ్‌త్సాంగ్‌కు ఏ భావాలూ లేవు. అతనికీ, షియావ్ లాన్‌హువా అనే ఏడుపుగొట్టు పూలదేవతకూ పొరపాటున ఒక శాపం ముడిపడుతుంది: ఆమెకు తగిలిన దెబ్బ అతనికి తగులుతుంది. ఆమె శరీరానికి ఏమీ కాకుండా చూసుకోవడం అతని స్వార్థం. భర్త అంత శ్రద్ధగా భార్యను కాపలా కాయాలంటే ప్రేమ కంటే ఇలాంటి షరతే నమ్మకమైనదని ముప్పై ఆరు ఎపిసోడ్లు నిరూపించి, ఆ తరువాత మొహమాటపడి ప్రేమను కూడా చేర్చాయి.

నా ఫిర్యాదు దీని మీద కాదు, ఛాంగ్‌హెంగ్ విషయంలో. ఇలాంటి కథల్లో రెండో నాయకుడనే ఉద్యోగి ఒకడుంటాడు. అందగాడు, నిజాయితీపరుడు, వానలో గొడుగు తెచ్చేవాడు, పదోన్నతి లేనివాడు. దేవలోక సేనాని ఛాంగ్‌హెంగ్ ఈ జాతిలో శ్రేష్ఠుడు. లాన్‌హువాను మొదటి నుంచీ ఇష్టపడ్డాడు, ఆమె కూడా మొదట అతణ్ణే ఇష్టపడింది. కాని షీలాన్ దేవత అనే, ఎవరూ చూడని, ఉన్నదో లేదో తెలియని వధువుతో తనకు ఎప్పుడో నిశ్చయమైన సంబంధం ఉన్నదని, ఆ దస్త్రం రద్దు కానిదే మరో దరఖాస్తు పెట్టరాదని, నియమం తప్పని ఉద్యోగిలా నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇంకా చూడనివారు ఈ పేరా వదిలేయవచ్చు: ఆ షీలాన్ దేవత లాన్‌హువాయే. అతను ఏళ్ల తరబడి ఏ కాగితం కోసం ఎదురుచూశాడో ఆ కాగితం అతని ఎదుటే, కుండీలో నీళ్లు పోయించుకుంటూ ఉంది. సంగతి బయటపడేసరికి దస్త్రం పక్క బల్లకు వెళ్లిపోయింది, అక్కడ ఉన్నది అసురుడు, అతను సంతకం పెట్టేశాడు.